చేతిముద్ద తిన్న చిలక

అనగనగా ఒక రాజు ఉండేవాడు. ఉండేవాడంటే సింహాసనం మీద కాదు, దాని ముందు రాయిగా. ధూమకంఠుడనే మాంత్రికుడు యుద్ధానికొచ్చి, రాజునూ పెద్ద కొడుకులిద్దరినీ రాళ్లు చేసి, సింహాసనం మీద కాళ్లు బార్లా చాపుకున్నాడు. మూడోవాడు జయకేతుడు పడవెక్కి పారిపోయాడు. పిల్లలూ, పారిపోవడం తప్పు కాదు. పారిపోయి చేరినచోట కూర్చుని మూతి విరవడం తప్పు.

ఏడు సముద్రాల అవతల పడవల మీదే పుట్టి పడవల మీదే బతికే జనం అతన్ని నీళ్లలోంచి లాగి బతికించారు. వాళ్ల పిల్ల గవ్వి అతన్ని పెళ్లాడింది. ఎందుకు పెళ్లాడిందో నన్నడక్కండి, కొన్ని రోజులు ఆవిడకే తెలిసేది కాదు. చేపల కూర వండితే, మా దేశంలో ఇలా వండరు అనేవాడు. పక్క వేస్తే, మా దేశంలో మంచాలు ఊగవు అనేవాడు.

ఆ జనానికి ఒక ఆచారం. ఒకరి చేతిముద్ద తిన్న ప్రాణి, మనిషి కానీ పిట్ట కానీ, ఆ ఇంటిదైపోతుంది. దాన్ని వీళ్లు చంపకూడదు, అది వీళ్లకి ద్రోహం చేద్దామన్నా చెయ్యలేదు. గవ్వి ఒక ముసలి తాబేలుకి ముద్ద పెడుతుంటే చూసి, మా దేశంలో కుక్కకి కూడా చేత్తో పెట్టరు అన్నాడు జయకేతుడు.

"మీ దేశం, మీ దేశం. వెళ్లి తెచ్చుకోరాదూ ఆ దేశమేదో?" అంది గవ్వి.

"మా నాన్న రాయై నిలబడ్డాడు. నేనొక్కణ్ణి ఏం చెయ్యను?"

"ఒక్కడివెందుకు? పడవకి ముడెయ్యడం కూడా రాదు నీకు, నేనూ వస్తా."

మాంత్రికుడి ప్రాణం ఏడో సముద్రం నడుమ దీవిలో, చిలకలో ఉందని తాబేలు చెప్పింది. దారి పొడుగునా బరువని సణుగుతూనే ఇద్దర్నీ అక్కడికి మోసింది.

గుహకి మూడు తలుపులు. మొదటిదాన్ని జయకేతుడు కత్తితో కొడితే కత్తి వంగింది. గవ్వి తోస్తే తెరుచుకుంది. రెండోదాన్ని కొడితే కత్తి విరిగింది. గవ్వి తోస్తే తెరుచుకుంది. మూడోదాని దగ్గర ఆమె అతని వంక ఒక చూపు చూసింది. అతను పక్కకి తప్పుకున్నాడు.

లోపల పంజరంలో చిలక, ఎముకల గూడులా ఉంది. ప్రాణం దాచుకోవడం తెలిసిన మాంత్రికుడికి దానికో గింజ వెయ్యాలని మాత్రం తోచలేదు. జయకేతుడు దాని మెడ పట్టుకోబోయాడు.

"నన్ను చంపితే వాడు చస్తాడు," అంది చిలక. "రాళ్లు రాళ్లుగానే ఉండిపోతాయి. ఆ మంత్రం విప్పగలిగినవాడు వాడొక్కడే."

జయకేతుడు తల పట్టుకుని కూలబడ్డాడు. గవ్వి మూట విప్పి అన్నం, ఎండుచేప కలుపుతోంది.

"శత్రువుకి ముద్దలు పెడతావా?"

"ఆకలేస్తున్న పిట్టకి పెడుతున్నా. నువ్వు కాసేపు మాట్లాడకు."

చిలక మూడు ముద్దలు తింది. అంతలో ధూమకంఠుడు మంత్రదండంతో గాల్లోంచి ఊడిపడ్డాడు. దండం ఎత్తబోతే చెయ్యి లేవలేదు. వాడి ప్రాణం గవ్వి ఇంటిదైపోయింది మరి.

"మా అమ్మ చెప్పినట్టు చెయ్యి," అంది చిలక వాడితో.

ముగ్గురినీ, పంజరాన్నీ మోస్తూ తాబేలు తిట్టిన తిట్లు పిల్లలకి చెప్పేవి కావు. కోట చేరగానే మాంత్రికుడు మంత్రం విప్పాడు. రాజు కళ్లు తెరిచి, కోడల్ని ఎగాదిగా చూసి, ఈ పిల్లది ఏ వంశం అన్నాడు. అన్నేళ్లు రాయిగా ఉన్నా బుద్ధి మారలేదు.

గవ్వి అప్పటికే గిన్నెలో అన్నం కలుపుతోంది. జయకేతుడే ఆమె చేతిలోని గిన్నె చూపించాడు.

"నాన్నగారూ, ముందు ఆవిడ చేతిముద్ద తినండి. వంశం తర్వాత అడుగుదురు గాని."

ఏళ్ల తరబడి ఆకలి. రాజు తిన్నాడు. అన్నలూ తిన్నారు. వంశం సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఈ దేశపు పద్ధతిలో మరోసారి పెళ్లి చేసి, మూడో కొడుక్కే పట్టం కట్టారు. ధూమకంఠుడు చిలకకి గింజలు ఒలుస్తూ మిగిలాడు.

అరవై ఏళ్లు చల్లగా ఏలారు. ఒక్కటే బాధ. కోట వంటవాళ్లు చేపల కూర వడ్డించినప్పుడల్లా మా పడవల మీద ఇలా వండరు అని జయకేతుడు మూతి విరిచేవాడు. గవ్వి నెత్తి కొట్టుకుని, తన కంచంలోంచి ఓ ముద్ద అతని నోట్లో కుక్కేది.