దివాను గారి దెబ్బల లెక్క

సింగవరం సంస్థానంలో బసవలింగం పంతులు బడిలో లెక్కలన్నీ ఆటలే. ఆ రోజు పిల్లలు గంగాళంలో నీళ్లు పోసి పుల్లతో లోతు కొలుస్తున్నారు. ఒక చెంబు పోస్తే అంగుళం, రెండు పోస్తే రెండంగుళాలు.

"అసలు పొయ్యకపోతే?" అన్నాడు పంతులు.

"సున్నా!" అని అరిచారు పిల్లలు.

అప్పుడే దివాను బెత్తం ఊపుకుంటూ లోపలికొచ్చాడు.

"ఇది బడా, సంతా? దెబ్బలెంతో చదువూ అంతే! రెట్టింపు కొడితే రెట్టింపు వస్తుంది. రేపటి నుంచి బెత్తం పట్టకపోతే బడి మూయిస్తాను."

"చిత్తం. ఇదీ మా చెంబు లెక్కే. చిన్నప్పుడు తమరెన్ని దెబ్బలు తిన్నారో సెలవిస్తే, తమ చదువెంతో పిల్లలే లెక్క కడతారు."

దివాను మీసం దువ్వాడు. "నా మీద చెయ్యెత్తే ధైర్యం ఎవడికుందయ్యా? ఒక్క దెబ్బ కూడా పడలేదు!"

పంతులు నోరు విప్పేలోపే పిల్లలంతా ఒక్క గొంతుతో అరిచారు. "సున్నా!"

దివాను ముఖం జేవురించింది. పంతులు చేతులు కట్టుకుని, "పిల్లల లెక్కలో తప్పు లేదు దొరా. సూత్రం తమరిదే. ఉంచమంటారా, తీసెయ్యమంటారా?" అన్నాడు.

"తీసెయ్" అని గొణిగి దివాను గుర్రమెక్కాడు. ఆయన మరిచిపోయిన బెత్తంతో పిల్లలు ఇప్పుడు గంగాళం లోతు కొలుస్తున్నారు.