సున్నం గీతల వంతెన

పరాంకుశం మాస్టారికి అడిగినదానికి జవాబు చెప్పే అలవాటు లేదు. వంతెనలు కట్టే విద్య నేర్చుకుందామని ఆ ఏటి ఒడ్డున ఆయన దగ్గర చేరిన శిష్యులు మొదట్లో దీన్ని గర్వం అనుకునేవారు, తరవాత చెవుడు అనుకునేవారు, చివరికి అడగడం మానేసేవారు. కేదారి ఒక్కడే ఇంకా అడుగుతూ ఉండేవాడు.

ఆ రోజు అతను అడిగింది తన మొదటి వంతెన గురించి. మర్నాడు పొద్దున్న రెండు ఊళ్ళ పెద్దలూ వస్తారు. మాస్టారు ఊఁ అంటే వంతెన కేదారిది. అనకపోతే ఆ పని అతనికన్నా సీనియరైన శిష్యుడికి పోతుంది.

కేదారి లెక్కల్లో మెరుపు. నడిచేవాళ్ళకు నాలుగడుగుల వెడల్పు దారి, సైకిళ్ళకు ఐదు, పశువులకు ఆరు. దారికీ దారికీ మధ్య కమ్మీ. ఎవరు ఎంత వేగంతో వస్తారో, గంటకు ఎంతమంది అవతలికి చేరతారో అంతా కాగితం అంచున ఉంది.

"ఎవరి దారి వాళ్ళకిచ్చేశాను మాస్టారూ. ఇంక ఒకళ్ళకొకళ్ళు అడ్డం రారు. ఇందులో లోపం ఎక్కడుందో మీరే చెప్పండి," అన్నాడు. లోపం లేదని చెప్పమని ఆ మాటకు అర్థం.

మాస్టారు గోడవారనున్న సున్నం బుట్ట చూపించి, "ఇసక మీద గియ్యి," అన్నారు.

సాయంత్రానికి రేవుకు వెళ్ళే దారిలో, ఇసక మీద, అసలు కొలతలతో వంతెన తయారైంది. వేసవి కావడంతో జనం మోకాలి లోతు నీళ్ళలోంచే ఏరు దాటుతున్నారు. మాస్టారు దారికి ఎదురెళ్ళి, వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ ఆ గీతల్లోంచి నడవమని బతిమాలారు. షరతు ఒకటే: గీత దాటితే ఏట్లో పడ్డట్టు.

జనం ఈ ఆటను మహా శ్రద్ధగా ఆడారు. గడ్డిమోపుతో వస్తున్న ఒకావిడ, కాలు గీత మీద పడగానే "ఒలమ్మా, ములిగిపోనాను!" అని వెనక్కెళ్ళి మొదటినుంచి బయల్దేరింది. గేదెలు మాత్రం దర్జాగా మునిగాయి. నిజం వంతెన మీద కమ్మీ ఉంటుంది కదా అని కేదారి సర్దిచెప్పుకున్నాడు. మిగతాదంతా అతని లెక్క ప్రకారమే సాగుతోంది.

అప్పుడు ఇటునుంచి నూకాలమ్మ, అటునుంచి ఆమె వియ్యపురాలు చిన్నమ్మి, సరిగ్గా నడుమ ఎదురుపడ్డారు.

"బాగున్నావేటొదినా? మా పిల్ల ఎలాగుంది?" అంది నూకాలమ్మ.

"నీ పిల్లకేటొదినా, మారాణీ! నానే సిక్కిపోనాను," అంది చిన్నమ్మి.

అలాంటి జవాబు విన్నాక ఏ తల్లీ ముందుకు కదలదు. నూకాలమ్మ వెనక గడ్డిమోపు ఆగింది. పాలు పోసే అప్పలకొండ పక్క దారిలో సైకిలు నిలిపి, "సిక్కిపోనావా పిన్నీ? నాకలాగ కనబడ్నేదే!" అన్నాడు. అతని వెనక సైకిళ్ళు బారు తీరాయి. ఈ ముచ్చట వినడానికి గేదెలవాడు ఆగాడు, అతని కోసం గేదెలు ఆగాయి.

"అమ్మా, కదలండి! ఇది నడిచే దారి, నిలబడే చోటు కాదు!" అని కేదారి గీతల చివర, ఒడ్డునుంచి అరిచాడు.

చిన్నమ్మి నెత్తిమీది తట్ట సర్దుకుంది. "మాటాడకుండా ఎలిపోతే మా వొదిన ఏటనుకుంటాది బాబూ? నీ వంతెన పాతబడిపోయినా ఆ మాట పోదు."

ఇక లాభం లేదని కేదారి, ఇద్దరినీ సాగనంపడానికి గీతలన్నీ తొక్కుకుంటూ పరుగెత్తాడు.

"ఇంజినీరుబాబు ములిగిపోనాడు!" అని అప్పలకొండ గంట కొట్టాడు. ఒడ్డంతా గొల్లున నవ్వింది.

కేదారి ఎక్కడివాడక్కడే నిలబడిపోయాడు. రేపటి పెద్దలు కళ్ళముందు కదిలారు. "మాస్టారూ, ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అన్నాడు.

"అక్కడే ఉండు. ఏట్లోంచి చూస్తే వంతెన బాగా కనిపిస్తుంది," అన్నారు మాస్టారు.

కేదారి చూశాడు. గీతల నిండా మనుషులే, ఒక్కరూ నడవడం లేదు. అలాగని ఎవరి ముఖంలోనూ కష్టం లేదు, గడ్డిమోపావిడ ముఖంలో తప్ప. చాలాసేపు చూసి, లోపలి గీతలు రెండూ కాలితో చెరిపేశాడు. నడుమ, ఏట్లో రాతి స్తంభం లేవవలసిన చోట, అంచు గీతను తుడిచి బయటికి పొట్టలా వంచి గీశాడు. నూకాలమ్మా చిన్నమ్మీ, ఎవరూ చెప్పకుండానే, మాట తెగకుండా ఆ పొట్టలోకి జరిగారు. గడ్డిమోపు కదిలింది. వెనకే సైకిళ్ళు, వాటి వెనక విసుక్కుంటూ గేదెలు.

మాస్టారు సున్నం బుట్ట తెచ్చి అతని చేతికిచ్చారు. "రేపు పెద్దలకు కాగితం చూపించకు. ఇక్కడికి తీసుకొచ్చి, నీ వంతెన మీద నడిపించు."

నీ వంతెన అన్న మాటతో కేదారికి ప్రాణం లేచొచ్చింది. దాంతోపాటు లెక్కలూ లేచొచ్చాయి. "ఈ పొట్ట వెడల్పు ఎంత పెట్టమంటారు మాస్టారూ? ఎనిమిదడుగులు చాలా? మనిషికి ఇంతని వేసుకుంటే..."

మాస్టారు వియ్యపురాళ్ళవైపు చూశారు. వాళ్ళప్పటికి తట్టలు దించుకుని కూర్చున్నారు.

"వాళ్ళనడుగు," అన్నారు. "నడుస్తూ మాత్రం అడక్కు."