ఉప్పు సన్యాసమ్మ వెంట మూడు ఊళ్లు

అనగనగా, కొండలింకా చిన్నపిల్లలుగా ఉన్న రోజుల్లో, మా బొడ్డవలస అనే ఊరు. ఊ కొడుతూ వినండి. నిద్రపోయినవాళ్లకు మళ్లీ చెప్పను.

ఒకసారి జమీందారు ఇంటి పెళ్లిలో మా ఊరివాడొకడు సన్నాయి ఊది పట్టుశాలువా కప్పించుకొచ్చాడు. ఇంకేముంది! మర్నాటి నుంచి ఊళ్లో ప్రతి కుర్రాడి చేతిలోనూ సన్నాయే. ఒక్క పెళ్లి ఉందంటే ఊరంతా సన్నాయిలతో దిగేది. పెళ్లికొడుకు చెవులు మూసుకునేవాడు. మిగతా రోజులన్నీ అరుగుల మీద గోళ్లు గిల్లుకోవడమే.

వాళ్లలో అప్పలకొండ ఒకడు. మేనమామ కూతురు నూకాలమ్మంటే వాడికి ప్రాణం. మేనమామ మాత్రం తెగేసి చెప్పాడు.

"ఒరే, వొచ్చే ఉగాదిలోగా కూడు పెట్టే పని సూపించు. నేకపోతే పిల్లని ఇంకొకడికి ఇచ్చేస్తాను."

ఆ రోజుల్లో గాడిద మీద ఉప్పు వేసుకుని ఊరూరా తిరిగే సన్యాసమ్మ అని ఉండేది. ముసలిది. పిల్లాజెల్లా లేరు. అప్పలకొండ ఆవిడ దగ్గర తన గోడు వెళ్లబోసుకున్నాడు.

"ఏ పని నేర్సుకోమంటావే మామ్మా?"

"నానెలా సెప్తానురా? నా ఎనకాల మూడూళ్లు తిరుగు. ఎక్కడ ఏ పని ఆగిపోనాదో సూడు."

మొదటి ఊరికి వెళ్లారు. కుమ్మరి లేక జనం చిల్లుకుండలతో నీళ్లు మోస్తున్నారు. అప్పలకొండ చూశాడు. నడిచాడు.

రెండో ఊరికి వెళ్లారు. పశువుల వైద్యం తెలిసినవాళ్లు లేక ఒక ఆవు మూలుగుతోంది. అప్పలకొండ చూశాడు. జాలిపడ్డాడు. నడిచాడు.

మూడో ఊరికి వెళ్లారు. వడ్రంగి లేక, చక్రం ఊడిన బండి దారికడ్డంగా పడుంది. అప్పలకొండ చూశాడు. నడవలేదు. ఎవరూ పిలవకుండానే బండి కిందికి దూరాడు. అన్నానికి రమ్మన్నా రాలేదు.

సన్యాసమ్మ నవ్వింది. "ఆగిపోయిన పనులు మూడు సూసినావు. నీ సెయ్యి ఊరుకోనిది ఇక్కడేరా. ఎల్లి నేర్సుకో."

"సన్నాయోల్ల ఇంట్లో వడ్రంగోల్ల బాడిసా? అందరూ నవ్వుతారే మామ్మా!"

"నవ్వనీ. ఆల్ల బండి ఇరిగిన్నాడు నీకాడికే వొస్తారు."

అప్పలకొండ దూరాన ఉన్న వడ్రంగి దగ్గర చేరాడు. ఉగాది ముందురోజు, తన చేత్తో చేసిన చక్రాన్ని మేనమామ వాకిట్లోకి దొర్లించుకొచ్చాడు. మేనమామ దాన్ని గుద్ది చూశాడు. ఎక్కి తొక్కి చూశాడు. చివరికి నవ్వేశాడు. పెళ్లికి సన్నాయిల కరువు లేదనుకోండి!

ఆ తర్వాత సన్యాసమ్మ ఎప్పుడూ ఒంటరిగా నడవలేదు. కుర్రాళ్లూ, ఆడపిల్లలూ వెంటపడ్డారు. నూకాలమ్మ చెల్లెలైతే రెండో ఊళ్లో పశువుల దగ్గరే ఆగిపోయింది. వైద్యం నేర్చి మంచి పేరు తెచ్చుకుంది.

సన్యాసమ్మ పోయిన రోజున పాడె మోయడానికి కొడుకుల్లేరు. లేకపోతేనేం! "నన్ను తిప్పినాది", "నన్నూ తిప్పినాది" అంటూ వడ్రంగులు, కుమ్మరులు, కమ్మరులు, ఊళ్లకు ఊళ్లే కదిలొచ్చారు. నేను పడతానంటే నేను పడతానని పోట్లాడుకున్నారు. జమీందారు పోయినప్పుడు కూడా అంత జనం లేరు. ఆ మాట చెబుతుంటే నాకిప్పటికీ ఛాతీ పొంగుతుంది.

ఇప్పటికీ మా వైపు ఎదిగిన పిల్లల్ని "ఏమవుతావు?" అని ఎవరూ అడగరు. మూడు ఊళ్లు తిప్పి తీసుకొస్తారు. కాళ్లకు నీళ్లిచ్చి, "సన్యాసమ్మ అడగమన్నాది. నీ సెయ్యి ఎక్కడ ఊరుకోనేదు?" అంటారు. పిల్లలు జవాబు చెప్పేదాకా ఆ ఇంట్లో పెద్దలెవరూ అన్నం ముట్టరు.