గునపం ఎక్కని చిగురమ్మ గుట్ట

ఈ కథ చెవిన పడకుండానే పెరుగుతున్న చిన్నారులారా! చిగురమ్మ గుట్టకు గోపురం లేదు, మెట్లు లేవు. పైన మనిషంత ఎత్తు నల్లరాయి, దాని చుట్టూ నేల మీద పాకిన అటికమామిడి అనే ఆకుకూర తీగ. ఎర్రని కాడలు, గుండ్రని ఆకులు, ఆవగింజంత గులాబీ పూలు. వేసవిలో తీగ మాడినా వేరు చావదు, తొలకరికి మళ్లీ చిగురిస్తుంది. ఆ రాయే అమ్మవారు, ఆ ఆకే ప్రసాదం.

పూర్వం ఇక్కడ వానలు తప్పిన కాలంలో, గుట్ట కింది గొల్లపల్లెలో తిప్పక్క అనే ఇల్లాలు ఉండేది. ఆమె కూతురు బయ్యమ్మ అప్పుడప్పుడే మాటలు వస్తున్న పసిది. ఆకలికి ఏడ్చి ఏడ్చి ఆ పిల్ల చివరికి ఏడవడం కూడా మానేసింది.

కూర వెతుకుతూ గుట్టెక్కిన తిప్పక్కకు రాతి నీడన ఒకే ఒక్క అటికమామిడి మొక్క కనిపించింది. కోసుకుపోతే ఒక్క పూట. వేరుతో పెకలించి వాకిట్లో నాటుకుంటే బిడ్డకు రోజూ, తన కళ్లెదుటే, ఇంత కూర. మర్నాడు గునపం తెచ్చి తవ్వబోయింది. ఎండకు ఒళ్లు తూలి, రాయికి ఆనుకుని కునుకు తీసింది.

కలలో గాలి ఆగింది. రాయి మెత్తబడి ఒడి అయింది. ఆ ఒడిలో బయ్యమ్మ నిద్రపోతోంది. ఆకులా పచ్చని చేయి ఒకటి పిల్ల తల నిమురుతోంది.

"వేరు తెంచితే నీ వాకిట్లో బతకలేను తల్లీ. బిడ్డనే నా దగ్గరికి తీసుకురా" అని వినిపించింది.

తిప్పక్క మొక్కను ముట్టకుండా ఇల్లు చేరింది. సంగతి విని అత్త మండిపడింది.

"దొరికిన కూరను మేకల నోటికి వదిలొచ్చావా? కల కంటే కడుపు నిండుతుందటే, పిచ్చిదానా!"

తెల్లవారగానే పిల్లను చంకనెత్తుకుని తిప్పక్క గుట్టెక్కింది. అత్త అన్నంతా అయింది. మేకలు ఆకంతా మేసేసి ఎర్రని కాడలు మాత్రం మిగిల్చాయి.

"నమ్మి వదిలిపోతినే అమ్మా!" అంటూ ఆమె కూలబడింది.

చంక దిగిన బయ్యమ్మ మెల్లగా పాకుతూ వెళ్లింది.

"అమ్మా, ఈడ బుజ్జాకులు!"

ప్రతి కణుపు దగ్గరా జంట చిగుళ్లు. పిల్ల వాటిని గోటితో గిల్లి తల్లి దోసిట్లో పోసింది. గిల్లినకొద్దీ అవి ముసురుకొచ్చాయి. వాన పడేదాకా పల్లెనంతా ఆ ఆకే సాకింది.

నేటికీ ఈ గుట్ట మీదికి ఎవరూ ఇనుము తేరు. అన్నప్రాసనకు తెచ్చిన బిడ్డ చేతనే తొలి చిగురు గిల్లిస్తారు. ఎంత ఆలస్యమైనా తల్లిదండ్రులు చేయి వేయకూడదు, కాస్త వెనకగా నిలబడి చూడాలి. అలా గిల్లిన బిడ్డకు, అమ్మ పక్కన లేని ఊళ్లో కూడా, వేళకు ఇంత ముద్ద దొరుకుతుందని నమ్మకం. గుట్ట ఎక్కలేనంత దూరాన పుట్టే పిల్లలకు ఈ కథైనా చేరాలి. పెద్దయ్యాక వాళ్లకు అన్నం కలిపి పెట్టేటప్పుడు మీరు చెప్పండి.