మూడు ఆకుల పాఠం

దగ్గరికి జరగండి నాన్నా. ఆ వెనకాల గుసగుసలు ఆపి, కొండమీది నరసింహస్వామికి ఒక్క దణ్ణం పెట్టుకోండి. ఆయన ఉగ్రమూర్తి. ఈ కథ కూడా కోపం కథే.

అనగనగా ఒక కొండ అడవి. ఆ అడవిలో ఒక ఇప్పచెట్టు. దాని నీడలో జంతువుల పిల్లలకి ఒక బడి. ఆ బడిలో ముగ్గురు టీచర్లు. ముళ్ళపంది సూదులమ్మ టీచర్. వడ్రంగిపిట్ట టకటకయ్య మాస్టారు. నీటికుక్క నీలవేణి టీచర్. వాళ్ళ మీద హెడ్మాస్టారు బొంతయ్యగారు. ఆయన ఎలుగుబంటి.

సూదులమ్మకి కోపం ఎక్కువ. కోపం రాగానే వీపు మీద ముళ్ళన్నీ గలగలమని లేచి నిలబడతాయి. ఆ చప్పుడు వింటే పిల్లలు ఊపిరి కూడా మెల్లిగా తీసుకుంటారు. అలాగని చెడ్డది కాదు. పాఠమంటే దానికి ప్రాణం.

ఆ బడిలో ఒక ఆచారం ఉంది. వచ్చే వారం ఏ పాఠం ఎలా చెప్పాలో టీచర్లంతా శనివారం కలిసి కూర్చుని ఆలోచించుకోవాలి. ఎప్పుడో పెద్దలు మంచి మనసుతో పెట్టిన ఆచారం అది. ఇప్పుడేం జరుగుతోంది? ఎవరి పాఠం వాళ్ళు ఒక మోదుగాకు మీద ముల్లుతో గీసి తెస్తారు. బొంతయ్యగారు తడి మట్టిలో చెయ్యి ముంచి ఆకు మీద దబ్బున ముద్ర వేస్తారు. అందరూ ఇప్పపూలు తిని ఇంటికి పోతారు. అంతే!

ఆ శనివారం కూడా అలాగే కూర్చున్నారు.

సూదులమ్మ పక్కకి తొంగి చూసింది. టకటకయ్య ఆకు ఎండి, అంచులు విరిగిపోయి ఉంది.

"మాస్టారూ, ఇది పోయినేడాది ఆకు కదూ?" అంది.

"ఛఛ, పోయినేడాదిది కాదమ్మా. అంతకు ముందేడాదిది. పిల్లలు కొత్తవాళ్ళేగా, వాళ్ళకేం తెలుస్తుంది?" అన్నాడు టకటకయ్య.

సూదులమ్మ ముళ్ళు కొంచెం లేచాయి. అటు తిరిగింది. నీలవేణి ఆకు మీద ఒక్క గీతా లేదు.

"ఇదేమిటే నీలవేణీ?"

"రాసినా నీళ్ళలోకి దిగ్గానే చెరిగిపోతుందక్కా. అంతా నాకు నోటికొచ్చు," అంది నీలవేణి మీసాలు దువ్వుకుంటూ.

బొంతయ్యగారు ఆ ఎండిన ఆకు మీదా ముద్ర వేశారు. ఆ ఉత్త ఆకు మీదా ముద్ర వేశారు. సూదులమ్మ ముళ్ళు పూర్తిగా లేచాయి.

మరి దాని ఆకో? సన్నటి అక్షరాలతో నిండిపోయి ఉంది. వారమంతా కూర్చుని రాసింది. కానీ నాలుగు మడతలు పెట్టి చంక కింద దాచుకుంది.

"ఏం రాశావక్కా, ఒకసారి చూపించవూ?" అని నీలవేణి అడిగింది.

"ఎందుకూ? నా కష్టం నువ్వు నమిలి మింగడానికా? చూపించను!" అని కసిరింది సూదులమ్మ.

బొంతయ్యగారు ఆవలించారు. "ఎండలు ముదిరాయి. ఈ వారం అందరూ కార్చిచ్చు పాఠం చెప్పండి. ఎవరేం చెబుతున్నారో ఒకరికొకరు... సర్లే, ముద్ర పడిందిగా. ఆ పూలు ఇటు జరపండి."

సోమవారం టకటకయ్య పాఠం చెప్పాడు. "పిల్లలూ, పొగ కనిపిస్తే బోడిబండ మీదికి పరిగెత్తండి. అక్కడ గడ్డి లేదు, మంట రాదు."

మంగళవారం నీలవేణి చెప్పింది. "పిల్లలూ, పొగ కనిపిస్తే వాగులో దిగండి. నీళ్ళలోకి మంట రాదు."

బుధవారం సూదులమ్మ చెప్పింది. "పొగ కనిపిస్తే దగ్గర్లో ఉన్న బొరియలో దూరండి. మట్టి కిందికి మంట రాదు. బొరియ వదిలి ఇంకెటైనా పరిగెత్తారో, నా ముళ్ళు చూశారుగా!" అని గలగలలాడించింది.

ఇప్పుడు చెప్పండి, ముగ్గురిలో ఎవరు తప్పు చెప్పారు? ఎవరూ తప్పు చెప్పలేదు! మూడూ నిజమే. అసలు ప్రమాదం అక్కడే ఉంది నాన్నా.

శుక్రవారం మిట్టమధ్యాహ్నం నిజంగానే గడ్డి అంటుకుంది. బడి వదిలిన వేళ. పిల్లలు తలో దిక్కుకీ చెదిరిపోయారు. స్వామి దయవల్ల అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. కానీ పున్ని అనే కుందేలు పిల్లకి వెనక కాలు కాలిపోయింది.

మర్నాడు శనివారం. టీచర్లు ఎప్పటిలాగే ఆకులు పట్టుకుని కూర్చున్నారు. అప్పుడు పున్ని తల్లి పచ్చికమ్మ వచ్చింది. కూతుర్ని వీపు మీద మోసుకొచ్చింది. ఆమె కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి.

"లేవండి. ముగ్గురూ లేచి నాతో రండి!" అంది.

అందరూ ఆమె వెనకాల ఇసుక బాట దాకా వెళ్ళారు. చుట్టూ గడ్డంతా నల్లగా మాడిపోయింది. బాట మీద ఇసుకలో పున్ని అడుగులు మాత్రం చెక్కుచెదరలేదు. బండ వైపు పది గెంతులు. అక్కడ ఆగి, వెనక్కి. వాగు వైపు పది గెంతులు. నీళ్ళు ఇంక రెండు గెంతుల దూరం. అక్కడా ఆగి, మళ్ళీ వెనక్కి. ఆ తర్వాత గుండ్రంగా, గుండ్రంగా, ఒకే చోట.

"చదువుకోండి. మీరు రాసిందే ఇది," అంది పచ్చికమ్మ. "నా బిడ్డకి ఉన్నది ఒక్క ఒళ్ళు. దాన్ని మీరు మూడు వైపులకి లాగారు!"

టకటకయ్య గొంతు సవరించుకున్నాడు. "బండ మీదికే పోయుంటే కాలు కాలేది కాదమ్మా. నా పాఠంలో తప్పేముంది?"

"రెండు గెంతులు వేస్తే నీళ్ళేగా! నా పాఠంలో మాత్రం తప్పేముంది?" అంది నీలవేణి.

"నోళ్ళు మూయండి!" అని అరిచింది సూదులమ్మ. ముళ్ళన్నీ గలగలలాడాయి. "ఒకరు ఎండిపోయిన ఆకు తెస్తారు. ఒకరు ఉత్త ఆకు తెస్తారు. ఆ ఆకుల మీద ముద్రలు వేసే పెద్దమనిషి ఒకరు! మీవల్లే పిల్ల కాలిపోయింది! నేనొక్కదాన్నే వారమంతా కూర్చుని..."

"టీచరమ్మా," అని అడ్డుకుంది పచ్చికమ్మ. "వాళ్ళేం చెబుతున్నారో నువ్వెప్పుడైనా విన్నావా? నీ ఆకు వాళ్ళకి చూపించావా?"

సూదులమ్మ చంక కింద ఆకుని ఇంకా గట్టిగా అదుముకుంది.

అప్పుడు తల్లి వీపు మీద నుంచి పున్ని సన్నగా పిలిచింది. "టీచర్..."

"ఏమ్మా?"

"నేను నీళ్ళలో దిగేదాన్నే టీచర్. దిగబోతుంటే మీరు గుర్తొచ్చారు. బొరియలోకి పోలేదని మీ ముళ్ళు లేస్తాయేమో అనిపించింది. అందుకే వెనక్కొచ్చి బొరియ వెతికాను. దొరకలేదు."

పిల్లలూ, అప్పటిదాకా సూదులమ్మ కోపం అందరి మీదికీ పోయింది. ఆ ఒక్క మాటతో అదంతా వెనక్కి తిరిగి దాని గుండెలోనే దిగబడింది. మంట చూసి భయపడాల్సిన పిల్ల, టీచర్ని తలుచుకుని భయపడింది! రెండు గెంతుల్లో నీళ్ళు. ఆ రెండు గెంతులూ వెయ్యనివ్వనిది ఎవరు? తనే.

ముళ్ళు ఒక్కొక్కటే వాలిపోయాయి. సూదులమ్మ ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ అడుగుల గుర్తులకి తల ఆనించి, "స్వామీ, ఈ కోపం నువ్వే ఇచ్చావు. దీన్ని ఎటు తిప్పాలో కూడా నువ్వే చూపించు," అంది. లేచేటప్పుడు కళ్ళు తుడుచుకోలేదు.

అందరూ బడికి తిరిగొచ్చారు. బొంతయ్యగారు నీరసంగా కూర్చుని, అలవాటు కొద్దీ మట్టిలో చెయ్యి ముంచారు.

"ఆగండి సార్," అంది సూదులమ్మ.

చంక కింద దాచుకున్న కార్చిచ్చు పాఠం ఆకు తీసి, నాలుగు మడతలూ విప్పింది. నడుమ నేల మీద పరిచింది. "మాస్టారూ, మీ ఆకు. నీలవేణీ, నీది కూడా కొత్తాకు మీద గీసి ఇలా పెట్టు."

"చించి పారేస్తావా ఏమిటి?" అన్నాడు టకటకయ్య అనుమానంగా.

"కొండమీద తిరునాళ్ళకి మనుషులు వస్తారు, చూశారా? స్వామి ప్రసాదం దేంట్లో తింటారు?"

"విస్తట్లో."

"విస్తరంటే? ఇవే మోదుగాకులు! విడి ఆకులో వడ్డిస్తే పులుసంతా నేలపాలు. అవే ఆకులు కలిపి కుడితే కడుపు నిండా భోజనం. మనం ఇన్నాళ్ళూ పిల్లలకి విడి ఆకుల్లో వడ్డించాం!"

అలా అని వీపు నుంచి ఒక ముల్లు పీకింది. నెత్తుటి చుక్క వచ్చింది. ఇంకోటి పీకింది. మూడోది కూడా పీకింది. మూడు ముళ్ళతో మూడు ఆకుల్నీ అంచుల దగ్గర కలిపి కుట్టింది.

"ఇప్పుడు చెప్పండి. నేనేం చెప్పాలి, మీరేం చెప్పాలి అని కాదు. పొగ చూసిన పిల్ల ఏం చెయ్యగలగాలి? ముందు అది చెప్పండి!"

అలా అడిగినవాళ్ళు ఆ బడిలో అప్పటిదాకా ఎవరూ లేరు. కాసేపు ముగ్గురూ గట్టిగా పోట్లాడుకున్నారు. బండే మేలని ఒకరు, వాగే మేలని ఒకరు. సూదులమ్మ ముళ్ళు రెండుసార్లు లేచాయి. ఈసారి ఎవరూ లేచి వెళ్ళిపోలేదు. ఇప్పపూలు అలాగే ఉండిపోయాయి. చివరికి మూడు పాఠాలూ పోయి ఒక్క పాఠం మిగిలింది. బండ, వాగు, బొరియ, ఈ మూడింటిలో ఏది దగ్గరుంటే దానికే పోవాలి. బయలుదేరాక వెనక్కి తిరగకూడదు.

సోమవారం ఆ పాఠం టకటకయ్య చెప్పాడు. మిగతా ఇద్దరూ పక్కన నిలబడ్డారు. మాస్టారి ముఖం చూడలేదు, పొగ అనగానే పిల్లల కాళ్ళు ఎటు పోతున్నాయో చూశారు. సాయంత్రం నీలవేణి, "మాస్టారూ, మీరు చాలా బాగా చెప్పారు. కానీ సగం మందికి బొరియలెక్కడున్నాయో తెలీదు," అంది. టకటకయ్య ముక్కు ఎగరేశాడు. తర్వాత ముక్కు దించి ఆకు మీద ఇంకో గీత గీశాడు.

మంగళవారం నీలవేణి పిల్లల్ని నడిపించి బొరియలన్నీ చూపించింది. పక్కన నిలబడి చూస్తున్న సూదులమ్మకి తాబేలు పిల్ల కనిపించింది. "దీనికి బండ ఎప్పటికీ దూరమే. దీనికి వేరే గీత కావాలి," అంది. ఆ గీతా పడింది.

బుధవారం సూదులమ్మ వంతు. అది ముళ్ళు పడుకోబెట్టుకుని పాఠం చెప్పింది. ఎంత కష్టమైందో ఆ స్వామికే తెలుసు. చివర్లో పున్ని దగ్గరికి వచ్చి, "నా ముళ్ళు లేచినా సరే, నీ కాళ్ళు ఆగకూడదు. తెలిసిందా తల్లీ?" అంది.

పదిహేను రోజులు తిరక్కుండానే గాలి మళ్ళీ నిప్పు మోసుకొచ్చింది. పొగ లేచింది. పిల్లలు ఒక్కసారి చుట్టూ చూశారు. అంతే, కదిలారు. మంట వచ్చింది, పోయినసారి మిగిలిన గడ్డిని నాకింది, వెళ్ళిపోయింది.

బొంతయ్యగారు రొప్పుతూ పరిగెత్తుకొచ్చారు. దారిలో ఎక్కడ ముంచారో, చేతినిండా తడి మట్టి. "పిల్లలేరీ? అందరూ ఉన్నారా?"

బండ మీంచి దుప్పి పిల్లలు దిగొచ్చారు. వాగులోంచి కణుజు పిల్లలు, వాళ్ళ వెనక తాబేలు పిల్ల. బొరియల్లోంచి ముంగిస పిల్లలు మట్టి దులుపుకుంటూ వచ్చారు.

"పున్ని ఏదీ?" అంది పచ్చికమ్మ.

సూదులమ్మ ఇసుక బాట మీదికి పరిగెత్తింది. అక్కడ అడుగులున్నాయి. మూడు కాళ్ళ గుర్తులు లోతుగా, నాలుగోది ఈడ్చుకుపోయిన గీతలా. ఆ అడుగులు ఎక్కడా ఆగలేదు. ఎక్కడా వెనక్కి తిరగలేదు. కుంటుతూ కుంటుతూ, తిన్నగా ఒక బొరియ దాకా వెళ్ళాయి. ఆ బొరియ ఎవరిదో తెలుసా? సూదులమ్మదే.

లోపలి నుంచి రెండు చెవులు బయటికి వచ్చాయి.

"ఇదే దగ్గర టీచర్. అందుకని వచ్చాను," అంది పున్ని.

సూదులమ్మ దాన్ని దగ్గరికి తీసుకోబోయి ఆగింది. వీపంతా ముళ్ళు కదా. ముక్కుతో ముక్కుని తాకింది, అంతే. వెనకాల బొంతయ్యగారు ఇసుకలో ఉన్న ఆ తిన్నని బాటని చాలాసేపు చూశారు. తర్వాత తన చేతి మట్టిని మాడిన గడ్డికి తుడిచేసుకున్నారు.

నీతి: పిల్లలకి దారి చూపే పెద్దలు ముందు తాము కలిసి కూర్చుని ఒక మాట మీదికి రావాలి, ఎవరి ఆకు వాళ్ళు దాచుకుంటే కాలేవి పిల్లల కాళ్ళే.