మొదటి వాయి

"ఇంత చదివిన మనిషికి ఇంత చిన్న సంగతి ఎందుకు బుర్రకెక్కదు మాస్టారూ?" అని మేనేజరు గురించి హిమజ అడిగింది. అడగడం కాదు, నిలదీసింది.

బెజవాడ ఆటోనగర్‌లోని ఆ రబ్బరు కార్ఖానాలో ఆమె అప్రెంటిసుగా చేరి ఐదు నెలలైంది. ఈ ఐదు నెలల్లో ఆమె ఏ ప్రశ్న అడిగినా దానియేలు మాస్టారు తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. ముప్పయ్యేళ్లు ప్రెస్సుల వేడి మధ్య బతికిన మనిషి. ప్రశ్న చివరిదాకా వింటారు, "పద, చూద్దాం" అంటారు. ఆ ఉదయమూ అంతే అన్నారు. హిమజకు ఒళ్లు మండిపోయింది. అవతల ఒక మనిషి కూడు పోతుంటే ఇక చూసేదేముంది?

పోయేది నాలుగో నంబరు ప్రెస్సు మీద పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్న ఖైరున్నీసాది. బస్సు ఇంజను కింద వేసే రబ్బరు దిమ్మలు, ఒక్కొక్కటి పిడికిలంత, ఆ ప్రెస్సు మీదే తయారవుతాయి. ప్రెస్సంటే పైనొక ఇనుప పలక, కిందొక ఇనుప పలక, నడుమ అచ్చు. కరెంటు వేడి చేసేది పలకల్ని. గోడ మీటరు చెప్పేదీ పలకల సంగతే. రాత్రంతా చల్లబడిన ఆ బండలాంటి అచ్చుకు పలకల వేడి పాకాలంటే మరో నలభై అయిదు నిమిషాలు కావాలి. అందాకా ఖాళీ అచ్చును మూసి, పలకల మధ్య బిగించి, దాని ఎదురుగా కూర్చోవాలి. మధ్యమధ్య చిటికెడు తుక్కు రబ్బరు వేసి ఎంతసేపట్లో గట్టిపడుతుందో చూసుకోవాలి. అచ్చు లోపలి వేడి చూసే థర్మామీటరు పాడై నాలుగు నెలలైంది. కొత్తది కావాలని మాస్టారు మూడుసార్లు రాసిస్తే, మూడుసార్లూ ఆ కాగితం సంతకం లేకుండానే వెనక్కొచ్చింది.

సంతకం పెట్టనివారు మేనేజరు వర్ధనరావు. రబ్బరు చదువే చదివి పట్టా పుచ్చుకుని, దాన్ని అద్దాల గదిలో తన కుర్చీ వెనక వేలాడదీసుకున్నారు. ఆ గదిలో కూర్చుని, కెమెరా పట్టిన బొమ్మల్లో ఆయన కనిపెట్టిన సత్యం ఇదీ: మీటరు ఆరున్నరకే కావలసిన నూట అరవై డిగ్రీలు చూపిస్తుంది, ఖైరున్నీసా మాత్రం ఏడుంబావు దాకా పీట మీద కూర్చుని ఉంటుంది. వెంటనే ఒక కాగితం టైపు చేయించారు. 'ఉత్పత్తిని కావాలని ఆలస్యం చేశానని ఒప్పుకుంటున్నాను' అని. మంగళవారం పొద్దున ఆమె దాని మీద సంతకం పెట్టాలి, బుధవారం నుంచి రానక్కర్లేదు.

హిమజ రెండు రోజులు ఆ గదికి తిరిగింది. బొమ్మ గీసి చూపించింది. లెక్క కట్టి చూపించింది. ఆయన అంతా విని, చిరునవ్వు నవ్వి, "కాలేజీలో వక్తృత్వ పోటీలకు వెళ్లేదానివా అమ్మా? బాగా మాట్లాడుతున్నావు" అన్నారు. తిట్టినా ఇంత కోపం వచ్చేది కాదామెకు. మాటకు జవాబు చెప్పకుండా మాట తీరును మెచ్చుకునే మనుషులుంటారు చూడండి, వాళ్లతో వాదన గోడకు తలకొట్టుకోవడమే. ఇక్కడ మాత్రం తల ఖైరున్నీసాది.

మంగళవారం ఆరున్నరకు వర్ధనరావు స్వయంగా నాలుగో ప్రెస్సు దగ్గరికి వచ్చారు, చేతిలో కాగితంతో. మీటరు నూట అరవై చూపిస్తోంది. ఖైరున్నీసా పీట మీద నుంచి లేచి నిలబడింది.

"కూర్చో, కూర్చో. నీకది అలవాటే కదా," అన్నారాయన.

"కుర్చీ అయితే కూర్చునేదాన్నే సార్. పీట మీద కూర్చుంటేనే ఇంత గొడవైంది," అంది ఖైరున్నీసా.

ప్రెస్సుల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. వర్ధనరావు కాగితం చాపారు. దానియేలు మాస్టారు మెల్లగా మధ్యకు వచ్చి, "సంతకం ఎక్కడికీ పోదు సార్. ముందు మీ చేత్తో ఒక వాయి తీయండి. మీటరు నిండింది కదా. సరుకు బాగా వస్తే రేపటి నుంచి ఈ ఆలస్యం నేనే మాన్పిస్తాను," అన్నారు.

హిమజ నివ్వెరపోయింది. ఇదేం పెద్దమనిషి? మేనేజరు వైపు చేరిపోయాడా? వర్ధనరావు మాత్రం చొక్కా చేతులు మడిచారు. పచ్చి రబ్బరు ముక్కలు అచ్చు గుంటల్లో పేర్చి మీట నొక్కారు. పలకలు మూసుకున్నాయి. పన్నెండు నిమిషాల తర్వాత అచ్చు తెరిస్తే ఆరు దిమ్మలు, నల్లగా, నున్నగా, నిగనిగలాడుతూ వచ్చాయి.

"ఏమ్మా, వీటికేం రోగం?" అన్నారాయన, ఒకటి ఖైరున్నీసా ముఖం ముందు ఆడిస్తూ.

"నన్నడుగుతారేంటి సార్? నేను కూర్చునేదాన్ని కదా."

"సరుకు వచ్చింది, చీటీ రాయండి సార్," అన్నారు మాస్టారు.

ఆ కార్ఖానాలో ప్రతి వాయికీ ఒక చీటీ కడతారు. ప్రెస్సు నంబరు, తేదీ, వాయి తీసినవాళ్ల పేరు. దిమ్మ ఎక్కడైనా విరిగి బస్సు దారిలో ఆగిపోతే, ఆ చీటీ తీసి ఆ పేరును పిలుస్తారు. పిలిచిన తర్వాత ఆ మనిషి మళ్లీ ప్రెస్సు ముట్టుకోవడం ఉండదు. వర్ధనరావు జేబులోంచి కలం తీశారు. నంబరు వేశారు, తేదీ వేశారు, పేరు దగ్గర తడుముకోకుండా 'ఖైరున్నీసా' అని రాశారు.

హిమజ ముందుకు వచ్చింది. "ఆమె వేలైనా పెట్టలేదు సార్. తీసింది మీరు."

"ప్రెస్సు ఆమెది కదమ్మా. ప్రతిదానికీ ఉపన్యాసం ఇవ్వాలా?"

"ఆమె ప్రెస్సు మీద ఆమెకు మాట లేదు, చీటీ మీద మాత్రం పేరుందా? కూర్చుంటే సోమరి, లేస్తే దోషి. ఏ పుస్తకంలో చదివారు సార్ ఈ న్యాయం?"

మాస్టారు ఆమెను ఆపలేదు, సమర్థించనూ లేదు. రాసిన చీటీ తీసి జేబులో వేసుకుని, ఖాళీ చీటీ ఒకటి బల్ల మీద పెట్టారు.

"తీసినవాళ్ల పేరే సార్ రాసేది. ఈ వాయి శ్రీశైలం ఘాటు ఎక్కే బస్సులకు పోతుంది."

వర్ధనరావు నంబరు వేశారు. తేదీ వేశారు. పేరు దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. కలం మొన కాగితం మీద చుక్క పెట్టి, ఆ చుక్క దగ్గరే నిలబడిపోయింది. పక్క ప్రెస్సులు బుస్సుమంటున్నాయి. చాలాసేపటికి ఆయన తలెత్తి, "ఎందుకైనా మంచిది, ఒకటి కోసి చూడండి," అన్నారు.

మాస్టారు సొరుగు తెరిచి కత్తి తీసి, దిమ్మను నడిమికి కోశారు. పైన ఎర్రగా వేగి లోపల పిండి మిగిలిన గారెలా ఉందది. వేలి మందాన గట్టి రబ్బరు, ఆ లోపలంతా బుడగలు, జిగట. కత్తికి అంటుకుని తీగలు సాగింది. రెండోది కోశారు. అదీ అంతే. ఆరూ అంతే.

"సార్ వండితే ఉడకలేదు," అంది ఖైరున్నీసా, ఎవరితోనో అన్నట్టు.

ఈసారి ఎవరూ నవ్వు దాచుకోలేదు. "ఇవి తుక్కులో వేయించండి," అని వర్ధనరావు గిరుక్కున వెనుదిరిగారు. తప్పైందని గానీ, పొరపాటని గానీ ఒక్క మాట లేదు. ఖైరున్నీసా ఆయన దారికి అడ్డంగా నిలబడి చెయ్యి చాపింది.

"ఆ కాగితం ఇచ్చి వెళ్లండి సార్."

ఆయన ఆమెను తప్పించుకుని పోవాలని చూశారు. చాపిన చెయ్యి దిగలేదు. రెండో ప్రెస్సు మనిషి, ఐదో ప్రెస్సు మనిషి పని వదిలి వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు. చివరికి కాగితం చేతులు మారింది. ఆమె దాన్ని నాలుగు ముక్కలు చేసి, పచ్చి దిమ్మలున్న తుక్కు డబ్బాలో పడేసింది. ఖాళీ అచ్చు మూసి పలకల మధ్యకు తోసింది. పీట లాక్కుని, కెమెరాకు ఎదురుగా, తీరిగ్గా కూర్చుంది.

గెలిచామన్న సంతోషం, ఆ మనిషి ఒక్క మాటైనా అనకుండా పోయాడన్న కసి, రెండూ హిమజలో కలగలిసిపోయాయి. మాస్టారి దగ్గరికి వచ్చి అంది:

"పోనీలెండి మాస్టారూ. కోసి కళ్ల ముందు పెడితే గానీ ఆయనకు తెలిసిరాలేదు."

దానియేలు మాస్టారు కత్తికి అంటిన జిగటను గుడ్డతో తుడుస్తున్నారు. తల ఎత్తలేదు.

"ఆయన కలం ఆగేటప్పటికి నేనింకా కత్తి తీయలేదమ్మా," అన్నారు.