తాళభూషణుడి చెవి

కూతురి పెళ్లి ఊరేగింపులో వియ్యాలవారి డోళ్ల మోతకు తమ డోళ్లు వినపడనే లేదని ముక్తిపాలెం రాజుగారు తిమ్మభూపాలుడికి తల కొట్టేసినట్టయింది. మర్నాడు సభకు వస్తూనే హుకుం జారీ చేశారు.

"దసరా ఊరేగింపుకు కొత్త డోళ్లు కావాలి. మోత పొలిమేర దాటాలి. ఖర్చు మాత్రం ఖజానా దాటకూడదు."

ఆ ఆఖరి మాట ఆస్థాన విద్వాంసుడు జగ్గరాజు చెవిన పడలేదు. 'తాళభూషణ' బిరుదు వచ్చిన నాటి నుంచి ఆయన చెవికి నచ్చిన మాటలే వినపడుతున్నాయి.

"మహాప్రభూ, డోళ్లన్నిటికీ వెండి తొడుగు వేయిద్దాం. వెండికున్న నాదం చెక్కకెక్కడిది? మచ్చుకొకటి అప్పుడే చేయించాను కూడా."

"మరి డబ్బో?"

"బాటసారుల సత్రం ఓ ఏడాది మూసేస్తే సరి. తిని పడుకునేవాళ్లే కదా!"

స్తంభానికి చేరగిలబడి కునుకు తీస్తున్న గవరయ్య ఉలిక్కిపడి లేచాడు. రాజుగారిని నవ్వించడం అతని ఉద్యోగం. పెళ్లీ పెటాకులూ లేని మనిషి, వంట రాదు, రెండు పూటలా సత్రంలోనే తింటాడు. తన సంగతి సరే, కాళ్లు వాచి వచ్చే యాత్రికుల కడుపు కొడతారా అని అతనికి ఒళ్లు మండింది.

"తాళభూషణులవారూ, తెర చాటున వాయిస్తే ఏది వెండి డోలో పోల్చగలరా?"

"పోల్చడమేమిటోయ్! దెబ్బ వింటే చాలు, డోలు ఖరీదు కూడా చెబుతాను."

"చెప్పలేకపోతే?"

"సత్రం మాటెత్తను. చెబితే మాత్రం నువ్వు గజశాలలో లద్దెలెత్తాలి!"

రాజుగారికి హుషారొచ్చింది. మర్నాడు పొద్దున్నే సభలో తెర కట్టించారు.

బయట ముసురు పట్టి ఉంది. చెమ్మకు డోలు తోలు సాగిపోతుంది. అందుకే వాయించేవాళ్లు ముందుగా గడ్డిమంట సెగ చూపించి బిగువు తెస్తారు. గవరయ్య ఆ ఏర్పాటు చేయబోతే జగ్గరాజు తన డోలుకు అడ్డం పడ్డాడు.

"మంటా? వెండి నల్లబడిపోదూ! దూరం, దూరం!"

"మీ చిత్తం," అని గవరయ్య పనస చెక్క డోలు ఒక్కదానికే సెగ పెట్టించాడు. మసీ మంటా తన స్థాయికి తగవు కాబట్టి జగ్గరాజు అటు చూడనైనా లేదు. కళ్లు మూసుకుని తపస్సు చేసేవాడిలా కూర్చున్నాడు.

ఆ అదనులో గవరయ్య రాజుగారి చెవిలో ఏదో ఊదాడు. కాసేపటికి సింహాసనం ఖాళీ. తెర వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

మొదటి డోలు మోగింది. తడిసిన గోనె మీద కర్రతో బాదినట్టుంది.

జగ్గరాజు ముక్కు చిట్లించాడు. "ఛీ, చవక సరుకు. చెక్కది!"

రెండోది ధణధణమని అదరగొట్టింది. కిటికీలో పావురాలు ఎగిరిపోయాయి.

"ఆహా! వెండంటే ఇదీ!"

అంతలో తెర వెనక మూడో మోత. దబ్, దబ్, దబ్. ఉన్నవి రెండే డోళ్లని జగ్గరాజుకు తెలుసు. కానీ మనిషి మంచి ఊపు మీదున్నాడు.

"ఇదెక్కడి దరిద్రమండీ! ముసలి దున్న తోలు. వదులైపోయింది. లోపలంతా గాలి. బిగించినా లాభం లేదు, పెంటకుప్ప మీద పారేయండి!"

గవరయ్య తెర లాగేశాడు.

మొదట వాయించినవాడి ముందు వెండి డోలుంది. రెండోవాడి ముందు పనస డోలుంది. ఇద్దరి మధ్యా ఉత్తరీయం తీసేసి, రెండు చేతులూ సొంత బొజ్జ మీద ఆనించుకుని తిమ్మభూపాలుడు నిలబడి ఉన్నారు.

జగ్గరాజు ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మాది దున్న తోలా, జగ్గరాజూ?" రాజుగారు కళ్లెర్రజేశారు.

గవరయ్య చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"ఆగండి ప్రభూ, ఆయన ఖరీదు చెప్పడం మరిచిపోయారు. అన్నిట్లోకీ ఖరీదైన డోలు ఇదే. నలభై ఏళ్లుగా ఖజానా అంతా ఇందులోనే పోస్తున్నాం!"

ముందు పకపకా నవ్వింది రాజుగారే. ఆ తర్వాతే సభ ధైర్యం చేసింది. ఆయన మెడలోని ముత్యాల దండ తీసి గవరయ్య మెళ్లో వేశారు.

"డోళ్లన్నీ పనసవే చేయించండి. సత్రం తలుపు మూశారో, ఊరుకోను!" అంటూ నవ్వాపుకోలేక సింహాసనం మీద కూలబడ్డారు. ఎవరూ కొట్టకుండానే బొజ్జ అదిరిపోతోంది.